పెట్టని దరఖాస్తుకు తిరస్కారం ఎక్కడిది?

“మనవాళ్ళను అందులోకి తీసుకోరు.” నందిగామలోగాని, జగ్గయ్యపేటలోగాని, వేదాద్రి చుట్టుపక్కల గ్రామాల్లోగాని, డిగ్రీ చదువుతున్న పిల్లవాడున్న ముస్లిం ఇంట్లో సైన్యం మాట ఎత్తి చూడండి, ముందుగా వచ్చే సమాధానం ఇదే. తండ్రి అంటాడు, మేనమామ అంటాడు, మస్జిద్‌లో జుమా నమాజు ముగించుకుని మెట్లు దిగుతున్న పెద్దమనిషి అంటాడు. అన్నవారెవరినైనా “మీ ఎరుకలో ఎంతమంది దరఖాస్తు పెట్టారు? ఎంతమందిని కాదన్నారు?” అని అడిగితే మాత్రం జవాబు రాదు. అంతకాలంగా చెలామణీలో ఉన్న మాటకు ఆధారంగా ఒక్క కాగితం ముక్క చూపించగలిగినవారు నాకింతవరకు తటస్థపడలేదు.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపినవాణ్ణి. దరఖాస్తు అంటే ఏమిటో నాకు తెలుసు. దానికొక నమోదు సంఖ్య ఉంటుంది, తేదీ ఉంటుంది, పరిశీలించిన అధికారి సంతకం ఉంటుంది. కాదంటే ఎందుకు కాదన్నారో అడిగే హక్కు పుడుతుంది. పై అధికారికి అప్పీలు ఉంటుంది, సమాచార హక్కు చట్టం ఉంటుంది, న్యాయస్థానం ఉంటుంది. ఇవన్నీ దరఖాస్తు వెనుక నడిచేవే తప్ప ముందు నడిచేవి కావు. హక్కుల కోసం పనిచేస్తున్నామని చెప్పుకునే మనం, హక్కు పుట్టే చోటికి మన పిల్లలను పంపకుండా, అన్యాయం జరిగిపోయిందని ఇంట్లో కూర్చుని తీర్పు రాసుకుంటున్నాం. నా అభ్యంతరం దీనిమీదే. విశ్వవిద్యాలయంలోనో కళాశాలలోనో చదువుతూ ఉండగానే సైన్యంలో అధికారి కావడానికి, విమానం నడపడానికి దరఖాస్తు పెట్టుకునే అవకాశం ఈ దేశంలోని ప్రతి పట్టభద్రునికీ ఉంది. దాన్ని మనం వదులుకోవడం ఎవరో లాక్కున్నందువల్ల కాదు.

ఇలా అన్నంత మాత్రాన ప్రభుత్వాన్ని నిర్దోషిగా విడిచిపెడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. సచార్ కమిటీ 2006 నవంబరులో తన నివేదిక ఇచ్చినప్పుడు, దేశ జనాభాలో 13.4 శాతంగా ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, విదేశాంగ సర్వీసులో 1.8 శాతం మాత్రమే ఉన్నారని తేల్చింది. త్రివిధ దళాల విషయానికి వచ్చేసరికి అలాంటి లెక్క ఆ నివేదికలో లేదు. కమిటీ వివరాలు అడిగిందన్న వార్త బయటికి రాగానే, సైన్యాన్ని మతం పేరుతో లెక్కపెడతారా అని 2006 మొదట్లో పెద్ద గొడవే లేచింది. లెక్క అడగడమే దేశద్రోహమన్నట్లు మాట్లాడినవారున్నారు. లెక్క లేనిచోట రెండు అబద్ధాలు హాయిగా పక్కపక్కన బతుకుతాయి. “వాళ్ళే రారు” అన్నది ఒకటి, “మనల్ని రానివ్వరు” అన్నది రెండోది. మొదటిదాన్ని వారు నమ్ముతారు, రెండోదాన్ని మనం నమ్ముతాం. అదే 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమం పోలీసు నియామకాల్లో, కేంద్ర పోలీసు బలగాల్లో, రైల్వేల్లో, జాతీయ బ్యాంకుల్లో మైనారిటీల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలన్నది. సైనికాధికారుల మాట అందులో రాలేదు. కనుక ప్రభుత్వం లెక్క చెప్పాలి: ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరు రాత పరీక్ష దాటారు, ఎందరు ఎంపిక మండలి ముందు నిలిచారు, ఎందరు శిక్షణ ముగించారు. ఈ నాలుగు అంకెలు అడిగే హక్కు మనకుంది. అయితే మొదటి అంకెను నింపవలసినది మనమే.

ఇక “మనవాళ్ళను తీసుకోరు” అన్న మాట చరిత్ర ముందు నిలుస్తుందా? హైదరాబాదులో 1923లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ నిజాం కాలేజీ విద్యార్థి. పద్దెనిమిదేళ్ళ వయసులో, 1942లో, వాయుసేనలో కమిషన్ పొందారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో పనిచేశారు. 1947లో సైన్యాన్ని కూడా కుండలు పంచుకున్నట్లు పంచుకున్నప్పుడు, ముస్లిం అధికారులకు ఏ దేశమో తేల్చుకోమన్నారు. తోటి అధికారులు, తర్వాతి కాలంలో పాకిస్తాన్ వాయుసేనకు అధిపతులైన అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ వంటివారు, అటు రమ్మని పిలిచారు. ఆయన వెళ్ళలేదు. 1978లో భారత వాయుసేనకు అధిపతి అయ్యారు, 1981 వరకు ఆ పదవిలో ఉన్నారు. జాగ్వార్ విమానాలు మన దేశానికి వచ్చింది ఆయన హయాంలోనే. తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసి, 2018లో హైదరాబాదులోనే కన్నుమూశారు. మన పిల్లల్లో ఎందరికి ఈ పేరు తెలుసు? సినిమా నటుల పుట్టినరోజులకు కూడలిలో బ్యానర్లు కట్టే మన యువకుల్లో ఒక్కడైనా ఆయన ఫొటో చూశాడా? ఆయన తర్వాత ఇప్పటివరకు ఆ కుర్చీలో మరో ముస్లిం కూర్చోలేదన్నదీ నిజమే. దాన్ని కూడా నేను దాచను.

మరొకటి చెప్పాలి. పైలట్ కావాలనుకునే ప్రతివాడూ వెళ్ళవలసిన వాయుసేన అకాడమీ ఎక్కడో కాశ్మీరు సరిహద్దులో లేదు. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కితే రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదు పక్కన దుండిగల్‌లో ఉంది. 1967లో దానికి శంకుస్థాపన చేసినవారు అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయన పుట్టిందీ హైదరాబాదులోనే. పునాది రాయి మీద మన పేరు ఉన్న ఇంటి గుమ్మంలో నిలబడి, మనకు ప్రవేశం లేదని మనమే చెప్పుకోవడం ఏం న్యాయం?

ఈ పేర్లు ఉదహరించేటప్పుడు నాకొక జంకు ఉంది. పంద్రాగస్టు వచ్చిందంటే మన సభల్లో బ్రిగేడియర్ ఉస్మాన్, హవల్దార్ అబ్దుల్ హమీద్ పేర్లు చెప్పి మన దేశభక్తిని నిరూపించుకోవడం ఒక ఆనవాయితీ అయింది. ఆ వీరుల మీద నాకున్న గౌరవం ఎవరికీ తీసిపోదు. ఉస్మాన్ 1948 జూలై 3న ఝంగర్‌లో ప్రాణమిచ్చాడు, హమీద్ 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర శత్రు ట్యాంకులకు ఎదురొడ్డి నిలిచాడు. కాని చనిపోయినవారిని సాక్ష్యానికి పిలిచి బతికున్నవారికి మంచి నడవడి సర్టిఫికెట్ తెచ్చుకునే పని నాకు నచ్చదు. కుల ధ్రువపత్రం రాశాను, ఆదాయ ధ్రువపత్రం రాశాను, నివాస ధ్రువపత్రం రాశాను. దేశభక్తి ధ్రువపత్రానికి ఏ కార్యాలయంలోనూ నమూనా లేదు, ఉండకూడదు కూడా. అధికారి పదవికి అర్హత వయసు, చదువు, ఆరోగ్యం, బుద్ధి. మన పిల్లవాడు ఆ నాలుగింటితోనే వెళ్ళాలి, తాతల త్యాగాల జాబితాతో కాదు.

అటువైపు నుంచి వచ్చే విషం సంగతి కూడా చెప్పుకోవాలి. 1965 యుద్ధంలో ‘ముస్లిం రెజిమెంటు’ పోరాడనన్నదని, అందుకే దాన్ని రద్దు చేశారని ఒక కథ సెల్‌ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. 1965లో అలాంటి రెజిమెంటే లేదు. లేనిది పోరాడననడం, లేనిదాన్ని రద్దు చేయడం ఎలా సాధ్యమో ఆ కథ రాసినవారే చెప్పాలి. ఈ అబద్ధాన్ని ఆపాలని 2020లో నూరుమందికి పైగా మాజీ సైనికాధికారులు, అందులో అన్ని మతాలవారూ, రాష్ట్రపతికి లేఖ రాశారు. నన్ను బాధించేది వేరే ఉంది. ఆ కథను మన పిల్లలు కూడా నమ్ముతున్నారు. మొన్నటికి మొన్న ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అబ్బాయి “మనవాళ్ళ రెజిమెంటు తీసేశారు కదా తాతా, ఇంక మనకేముంది” అన్నాడు. శత్రువు అబద్ధాన్ని నమ్మి నష్టపోవడం కంటె అవివేకం ఏముంటుంది?

మనలో వినిపించే అభ్యంతరాలు మూడు నాలుగు ఉన్నాయి. అన్నింటికీ ఒకే బరువు లేదు.

గడ్డం విషయం అందులో నిజమైనది. గడ్డం పెంచుకున్నందుకు ఉద్యోగం నుంచి తొలగించిన ఒక వాయుసేన ఉద్యోగి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పింది. జుట్టు కత్తిరించడాన్ని, గడ్డం గీయడాన్ని ఎవరి మతం నిషేధిస్తుందో వారికే వాయుసేన నియమం మినహాయింపు ఇస్తుందని, ఆ ఉద్యోగి తనది అలాంటి సందర్భమని చూపలేకపోయాడని చెప్పి తొలగింపును సమర్థించింది. ఆ తీర్పు నాకు తృప్తి కలిగించలేదు. విశ్వాసం లోతును నిషేధం ఉందా లేదా అన్న ఒక్క గజంబద్దతో కొలవడం సరికాదని నా అభిప్రాయం. దానిమీద వాదించవలసినవారు వాదించాలి. అయితే మన వాడల్లో ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళను ఒక్కసారి కళ్ళారా చూడండి. నూటికి తొంభైమంది వారంవారం మంగలిషాపులో నున్నగా గీయించుకునేవారే. గడ్డం ఉన్న పదిమంది కోసం న్యాయపోరాటం చేద్దాం. లేని తొంభైమంది ఏ గడ్డం అడ్డమై ఆగిపోయారు?

“ఎవరిమీద తుపాకి ఎత్తాలి?” అన్న ప్రశ్న వేసేవారున్నారు. దానికి నా దగ్గర పొడవైన జవాబు లేదు. పోలీసులో చేరేటప్పుడు, రెవెన్యూలో చేరి ఆక్రమణలు కూల్చే కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వస్తుంది. ఆదేశమిచ్చే గదిలో మనవాడు ఒకడు ఉండడం మంచిదా, లేకపోవడం మంచిదా అన్నదే నాకు తోచే ఎదురు ప్రశ్న.

తల్లుల భయం మాత్రం వేరు. దాన్ని ఎగతాళి చేయను. ఒక్కగానొక్క కొడుకును యుద్ధానికి పంపుతానా అంటుంది తల్లి. కాని అదే తల్లి ఇరవై ఒకటో ఏట ఆ కొడుకును గల్ఫ్‌కు డ్రైవరుగా పంపడానికి ఏజెంటుకు నగలు కుదువపెట్టి డబ్బు కడుతోంది. అక్కడ పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉంటుంది. దుండిగల్‌లో ఫ్లయిట్ కేడెట్‌కు శిక్షణ చివరి ఏడాది నెలకు 56,100 రూపాయల స్టయిపెండ్ ఉంటుంది, శిక్షణ ఖర్చంతా ప్రభుత్వానిదే. దరఖాస్తు రుసుము పన్నుతో కలిపి ఆరువందల యాభై రూపాయల లోపు. బాజీలూ బీబీలూ, ఈ రెండు దారులను పక్కపక్కన పెట్టి చూడమని మాత్రమే నా మనవి.

మరికొందరు అగ్నిపథ్‌ను చూపిస్తారు. నాలుగేళ్ళ తర్వాత ఇంటికి పంపేస్తారు కదా అంటారు. 2022 జూన్ 14న ప్రకటించిన ఆ పథకం జవాన్ల స్థాయి నియామకాలకు సంబంధించింది. దానిమీద సికింద్రాబాదు స్టేషనులో జరిగిన గొడవ, పోయిన ప్రాణం మనకు గుర్తే. అధికారుల నియామకం వేరు. వాయుసేన షార్ట్ సర్వీస్ పద్ధతిలో ఎంపికైన పైలట్‌కు కమిషన్ వచ్చిన నాటి నుంచి 14 ఏళ్ళ సర్వీసు ఉంటుంది. జవానుకూ అధికారికీ ఉన్న ఈ తేడా తెలియని చదువుకున్న ఇళ్ళు మనలో ఎన్ని ఉన్నాయో తలచుకుంటే, మన సభల్లో మనం ఇన్నాళ్ళూ ఏం మాట్లాడుకున్నామా అనిపిస్తుంది.

కనుక కాస్త వివరంగా చెప్పనివ్వండి. డిగ్రీగాని ఇంజనీరింగ్‌గాని చివరి సంవత్సరంలో ఉండగానే పెట్టుకోగల దరఖాస్తులు ప్రధానంగా మూడు. మొదటిది వాయుసేన ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అందరూ ఆఫ్‌క్యాట్ అంటారు. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. సాధారణంగా డిసెంబరులో, జూన్‌లో దరఖాస్తులు తీసుకుంటారు. రెండు గంటలు, నూరు ప్రశ్నలు, మూడు వందల మార్కులు. ఇంగ్లీషు, సామాన్య విజ్ఞానం, లెక్కలు, తర్కం. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. రెండోది యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు జరిపే సీడీఎస్ పరీక్ష. డెహ్రాడూన్ సైనిక అకాడమీకి, నౌకాదళ అకాడమీకి, దుండిగల్‌కు, చెన్నై శిక్షణ కేంద్రానికి దారి అదే. మూడోది ఎన్‌సీసీ ద్వారా. సీ సర్టిఫికెట్ ఉన్నవారికి సైన్యంలో ప్రత్యేక ప్రవేశం ఉంది, రాత పరీక్ష లేకుండా నేరుగా ఎంపిక మండలి ముందుకు వెళ్ళవచ్చు. ఎయిర్ వింగ్ సీ సర్టిఫికెట్ ఉంటే పైలట్ ఖాళీల్లో పదో వంతు వారికే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అది తెలియక మన పిల్లలు పదహారో ఏటనే ఆకాశం పోగొట్టుకుంటున్నారు. పైలట్ కావాలంటే డిగ్రీ ఏదైనా ఫరవాలేదు, బీకాం అయినా చాలు, 60 శాతం మార్కులు రావాలి. కాని ఇంటర్మీడియెట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి, ఒక్కొక్కదానిలో 50 శాతం రావాలి. లేదా ఇంజనీరింగ్ పట్టా ఉండాలి. మనవాళ్ళు చేసేదేమిటి? పదో తరగతి కాగానే “ఎంపీసీ కష్టం, సీఈసీలో చేరు, త్వరగా పాసవుతావు” అని చెప్పే బంధువు ప్రతి ఇంటికీ ఒకడుంటాడు. ఆ మాటతో పైలట్ దారి మూసుకుపోయిందని నాలుగేళ్ళ తర్వాతగాని తెలియదు. సీఈసీ చదివినవారికి కూడా వాయుసేనలో భూమి మీద పనిచేసే శాఖలున్నాయి. బీకాం వారికి అకౌంట్స్ శాఖే ఉంది. వాటికి వయసు 26 దాకా. ఎగిరే శాఖకు మాత్రం 20 నుంచి 24 ఏళ్ళ లోపే.

ఆ 24 ఏళ్ళ హద్దు దగ్గరే మాకు తెలిసిన ఒక పిల్లవాడు తప్పిపోయాడు. వేదాద్రి వైపు గ్రామం, తండ్రి లారీ డ్రైవరు. ఎంపీసీ, ఆ తర్వాత ఇంజనీరింగ్, మంచి మార్కులు, ఎత్తూ చూపూ అన్నీ సరిపోయాయి. చదువుతుండగానే పెట్టమని చెప్పాను. ఇంట్లోవారు ముందు ఉద్యోగం అన్నారు, తర్వాత అక్క పెళ్ళి అన్నారు, తర్వాత “ఎలాగూ తీసుకోరు” అన్నారు. వాళ్ళు సరేననే నాటికి కోర్సు మొదలయ్యే తేదీకి వయసు రెండు నెలలు దాటింది. ఆ పిల్లవాణ్ణి వాయుసేన తిరస్కరించిందా?

ఎంపిక మండలి గురించి కూడా చెప్పాలి, అనుమానమంతా అక్కడే కనుక. మైసూరు, డెహ్రాడూన్, వారణాసి, గాంధీనగర్ వంటి చోట్ల ఆ మండళ్ళు ఉన్నాయి. మొదటిరోజే తర్కపరీక్ష, బొమ్మ చూసి కథ రాసి చర్చించే పరీక్ష పెట్టి, చాలామందిని సాయంత్రానికే రైలెక్కిస్తారు. అలా తిరిగి వచ్చేవారిలో అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ ఉంటారు. సైనికాధికారుల పిల్లలు కూడా ఉంటారు. నిలిచినవారికి మనస్తత్వ పరీక్షలు, మైదానంలో జట్టుగా చేసే పనులు, ముఖాముఖి ఉంటాయి. ముగ్గురు అధికారులు వేర్వేరుగా అంచనా వేసి చివరిరోజు కలిసి కూర్చుంటారు. మైదానంలో పిల్లవాణ్ణి పేరుతో పిలవరు, ఛాతీ మీది సంఖ్యతో పిలుస్తారు. అక్కడ నింపే వివరాల పత్రంలో మతానికి ఒక గడి ఉంది. లేదని నేను చెప్పను. ఆ గడి అవసరమేమిటని అడగవలసిందే. కాని ఆ గడిని చూసి తీసేశారని అనడానికి, ముందు ఆ పత్రం నింపే దాకా పోయినవారు మనలో గుప్పెడుమందైనా ఉండాలి కదా. మొదటిసారి వెళ్ళేవారికి రానుపోను రైలు ఖర్చు కూడా వారే ఇస్తారు.

పైలట్లకు మరొక పరీక్ష ఉంది. కంప్యూటరు మీద, కాళ్ళూ చేతులూ కన్నూ ఎంత కలిసి పనిచేస్తున్నాయో చూసే పరీక్ష. జీవితంలో ఒక్కసారే. తప్పితే ఎగిరే శాఖకు మళ్ళీ రాకూడదు. కనుక సరదాకు ఒకసారి వెళ్ళివద్దామనుకునే పని కాదిది. ఎత్తు 162.5 సెంటీమీటర్లు, కాలి పొడవు, కూర్చున్న ఎత్తు, కంటిచూపు, రంగులు గుర్తించే శక్తి, అన్నీ కొలుస్తారు. చదువు రెండో ఏడాదిలోనే ఒక కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళి చూపించుకుంటే, అనవసరపు ఆశ, అనవసరపు నిరాశ రెండూ తప్పుతాయి.

మన పిల్లలకు అక్కడ అడ్డు వచ్చే అసలు గోడ ఇంగ్లీషు. నాలుగు వాక్యాలు తడుముకోకుండా మాట్లాడలేని డిగ్రీలు మనవి. కాని మనకొక మేలు కూడా ఉంది, ఎవరూ గుర్తించనిది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మన పిల్లవాడు ఉత్తరాది కుర్రవాళ్ళ గుంపులో పడితే మూగవాడు కాడు. కోస్తా జిల్లాల తెలుగు పిల్లలు ఆరునెలలు తంటాలుపడే చోట మనవాడు మొదటి రాత్రే కబుర్లు చెబుతాడు. మన దక్కనీని వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

ఎన్‌సీసీ విషయంలో ఒక కళాశాలకు వెళ్ళి, ముస్లిం విద్యార్థులను ఎందుకు చేర్చుకోలేదని అడిగాను. కళాశాల పేరు అనవసరం. “మీ పిల్లలు రారు కదా అని పిలవలేదండీ” అన్నారు. బయటికి వచ్చి పిల్లలను అడిగితే “పిలవలేదు కదా అని వెళ్ళలేదు” అన్నారు. ఇరువైపులా ఎంత మర్యాద! ఇలాంటి చోట ఆగ్రహం చూపవలసింది మొదట కళాశాల మీదే. నోటీసు అందరికీ అందేలా పెట్టడం, ఎవరిని తీసుకున్నారో ఎవరిని కాదన్నారో రాసి ఉంచడం వారి బాధ్యత. స్థానిక అంజుమన్ తరఫున వినతిపత్రం రాసి ఇచ్చి, రసీదు తీసుకోవాలి. రసీదు లేని వినతిపత్రం గాలిలో చెప్పిన మాటే.

ప్రభుత్వం మీద కూడా మన పట్టు బిగియాలి. మైనారిటీ విద్యార్థులకు పోటీ పరీక్షల శిక్షణకు ఉద్దేశించిన కేంద్ర పథకాలను ఇటీవలి సంవత్సరాల్లో ఒక్కొక్కటే ఆపేశారు. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022-23 నుంచి లేదు. రాష్ట్రంలో మైనారిటీ సంక్షేమ శాఖ కింద నడిచే శిక్షణ కేంద్రాలు గ్రూపు పరీక్షలు, ఉపాధ్యాయ పరీక్షల దగ్గరే ఆగిపోతున్నాయి. ఆఫ్‌క్యాట్, సీడీఎస్ శిక్షణ అక్కడ ఎందుకు ఉండకూడదు? రిజర్వేషను అడగడం లేదు. అధికారుల ఎంపికలో మన నాలుగు శాతం పనిచేయదని నాకు తెలుసు. అడుగుతున్నది ఒక గది, ఇద్దరు అధ్యాపకులు, వీలైతే వారానికొకసారి వచ్చి మాట్లాడే ఒక మాజీ అధికారి. షాదీఖానాల కోసం ధర్నాలు చేసిన మనం, ఇంతవరకు ఒక్క వినతిపత్రంలోనైనా ఈ కోరిక రాశామా? నా చేతిమీదుగా ఎన్నో వినతిపత్రాలు వెళ్ళాయి. ఈ కోరికతో నా దగ్గరికి ఏ సంఘమూ రాలేదు.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మిలటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళిన ఊరది. అక్కడి మట్టిలో ప్రత్యేకమైన బలమేమీ లేదు. మొదట వెళ్ళినవాడు సెలవు మీద వచ్చి తమ్ముడికి దారి చెప్పాడు, తమ్ముడు మేనల్లుడికి చెప్పాడు. మన ప్రాంతంలో ఆ మొదటివాడు ఇంకా బయల్దేరలేదు. మూసిన తలుపు ముందు కూర్చున్నామనుకుంటున్నాం గాని, తలుపు నెట్టి చూసినవాడే లేడు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్ళల్లో చదువులో ముందున్నది వారే. 2016 జూన్‌లో ముగ్గురు యువతులు దుండిగల్‌లోనే యుద్ధవిమాన పైలట్లుగా కమిషన్ పొందారు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో జాతీయ రక్షణ అకాడమీ తలుపు కూడా తెరుచుకుంది. అక్కడ చదివిన మొదటి మహిళా బృందం 2025 మే నెలలో బయటికి వచ్చింది. “మన అమ్మాయిలకు ఇవేమిటి” అని మూతి ముడిచే పెద్దలకు ఒకటే మాట. యూనిఫాం నియమాలు కఠినమైనవి, వాటితో రాజీపడగలదో లేదో తేల్చుకోవలసింది ఆ అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు. అన్నీ తెలుసుకుని వద్దనుకుంటే అది ఆమె నిర్ణయం. ఆమెకు చెప్పకుండానే బజారులో నలుగురు మగవాళ్ళు వద్దనుకోవడం నిర్ణయం కాదు, పెత్తనం.

చివరిగా నా పాత వృత్తికి సంబంధించిన మాట ఒకటి. మన పిల్లల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుపడేది పేరు దగ్గర. షేక్ అన్న ఒక్క మాటను పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకొక రకంగా, డిగ్రీ మార్కుల జాబితాలో ఒట్టి రెండు పొడి అక్షరాలుగా రాస్తారు. మస్తాన్‌వలి ఒకచోట ఒక మాట, ఇంకొకచోట రెండు మాటలు. తండ్రి పేరులో వలి చివర దీర్ఘం ఉంటుంది, కొడుకు కాగితంలో ఉండదు. బేగం ఒకచోట ఉంటుంది, ఇంకొకచోట బీ అవుతుంది. పుట్టిన తేదీ బడిలో చేర్చిన పంతులుగారి దయను బట్టి ఉంటుంది. ఈ పరీక్షలన్నింటికీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ తేదీయే ప్రమాణం. అది ఒప్పుగా ఉంటే మిగతావాటిని దానికి తగినట్లు మార్పించుకోండి, ఆధార్ మార్చడం తేలిక. సర్టిఫికెట్‌లోనే తప్పుంటే బడి ప్రధానోపాధ్యాయుని ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి వెళ్ళాలి, దానికి నెలలు పడుతుంది. డిసెంబరు ప్రకటన వచ్చాక మొదలుపెడితే అందదు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న పిల్లలు ఈ నెలలోనే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే సరిచూసుకోవాలి. తేడా కనిపిస్తే అసలు కాగితాలతో, రెండేసి నకళ్ళతో మీ ఊరి అంజుమన్‌లో కాగితాల సంగతి తెలిసిన పెద్ద దగ్గరికి వెళ్ళండి. జగ్గయ్యపేట, నందిగామ వైపువారైతే జుమా తర్వాత నా దగ్గరికే రావచ్చు.